కోడూరు దాటి వెళ్ళే బండి

నా ఎత్తు అయిదడుగులకి కాస్త తక్కువ. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. సిగ్గుపడాల్సిన వాళ్ళెవరైనా ఉంటే, బైకులకి అటక మీద సీట్లు పెట్టేవాళ్ళు. గుడివాడలో ఆ బండిని మొదటిసారి చూసినప్పుడు దాని సీటు నా నడుం దాకా వచ్చింది. మా ఆయన బండిని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "దీంతోపాటు ఎత్తుపీట కూడా ఇస్తారేమో అడుగు" అన్నాడు.

ఈ మాట అన్న మనిషికి సైకిలు తప్ప ఇంకే బండీ నడపడం రాదు. బందరులో చిన్న బట్టల కొట్టు పెట్టుకుని, రోజంతా గిరాకీలతో ఎంతో మర్యాదగా మాట్లాడి, మిగిలిన వెటకారమంతా ఇంటికి పట్టుకొస్తాడు. నేను పట్టించుకోలేదు. ఆ బండి నాకు కావాలి, అంతే.

అది తారు రోడ్డు మీదా, రోడ్డంటూ లేని చోటా నడిచే రకం. దాన్ని డ్యూయల్ స్పోర్ట్ అంటారని, సాహసయాత్రలకి వాడతారని వీడియోలు చూసి తెలుసుకున్నాను. ఆ వీడియోల్లో అందరూ మంచు కొండలెక్కుతారు, వాగులు దాటుతారు, చివరికి ఏదో టీ కొట్టు దగ్గర ఆగి జీవితం గురించి మాట్లాడతారు. నాకా మాటలతో పనిలేదు. నేను చూసింది ముందు చక్రానికీ, దాని మీది మడ్‌గార్డుకీ మధ్య ఉన్న ఖాళీ. జానెడు ఖాళీ. దాని విలువ తెలియాలంటే దివిసీమ నల్లమట్టిలో ఒక్కసారైనా కూలబడి ఉండాలి.

మేం కూలబడ్డాం. నేనూ, మా అమ్మా, నా స్కూటరూ.

మా అమ్మ పుట్టిల్లు కోడూరు అవతల, బస్సు ఆగిపోయే చోటికి ఇంకా అవతల. తారు రోడ్డు అయిపోయాక రొయ్యల చెరువుల మధ్య మట్టి గట్టు, గట్టు అయిపోయాక ఇసక, ఆ ఇసక చివర మా పిన్ని ఇల్లు. అక్కచెల్లెళ్ళలో అమ్మని బందరు గిలకలదిండికి ఇచ్చారు, పిన్నిని ఉన్న ఊళ్ళోనే ఇచ్చారు. అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని బందరు వీధులన్నీ తిరిగి మమ్మల్ని పెంచింది. నెలకోసారి మాత్రం గంప బోర్లించేసి, బస్సెక్కి, చివరి దాకా నడిచి చెల్లెలి దగ్గరికి వెళ్ళొచ్చేది. మోకాళ్ళు అరిగిపోయాక ఆ నడక ఆగిపోయింది. ఆటోవాళ్ళు తారు అయిపోయిన చోటే దింపేసి వెనక్కి తిరుగుతారు.

అప్పుడు ఫోను ఆదుకుంది. రోజూ సాయంత్రం అమ్మ అరుగు మీద కూర్చుని పిన్నితో మాట్లాడేది. ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, రెండు చేతులూ ఊపుతూ మాట్లాడేది. అది మా వాళ్ళ అలవాటు. ఒడ్డున ఉన్నవాళ్ళు పడవలో ఉన్నవాళ్ళతో చేతులతోనే మాట్లాడతారు, అలల హోరులో గొంతు ఎంత చించుకున్నా వినపడదు కాబట్టి. చేపలు పడ్డాయా, వల చిరిగిందా, అన్నం పంపాలా, అన్నిటికీ ఒక్కో సైగ ఉంటుంది. చిన్నప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరూ కాలవకి చెరో ఒడ్డునా నిలబడి ఇలాగే పోట్లాడుకునేవాళ్ళని అమ్మ చెప్పేది. "ఫోనులో అవతలి మనిషికి కనపడదే" అని ఎన్నిసార్లు చెప్పినా ఆ చేతులు ఊరుకునేవి కావు.

తర్వాత పిన్ని చెవులు పోయాయి. ముందు కాస్త, ఆ తర్వాత పూర్తిగా. డాక్టరిచ్చిన చెవి మిషనులో గాలి హోరు తప్ప ఇంకేం వినపడట్లేదని, దాన్ని తీసి బియ్యం డబ్బాలో దాచింది. వీడియో కాల్ పెట్టి చూశాం. అక్కడ సిగ్నలు అంతంత మాత్రం. ఉన్న కాసేపూ అమ్మకి పిన్ని నుదురు, పిన్నికి అమ్మ ముక్కుపుడక, అంతకుమించి ఎవరికీ ఏమీ కనపడలేదు. పోనీ పిన్నినే బందరు రమ్మందామంటే, పక్షవాతంతో మంచాన పడ్డ బాబాయిని వదిలి ఆవిడ ఊరు దాటలేదు. ఫోన్లు ఆగిపోయాయి. అమ్మ మాత్రం అదే వేళకి అరుగు మీద కూర్చునేది, ఫోను ఒళ్ళో పెట్టుకుని. అది చూస్తే నాకు చాలా బాధేసేది. బాధేస్తే నాకు కోపం వస్తుంది, కోపం వస్తే ఊరికే కూర్చోలేను.

కిందటి వానాకాలంలో అమ్మని నా స్కూటరు మీద ఎక్కించుకుని బయల్దేరాను. తారు రోడ్డు దాకా బాగానే వెళ్ళాం. గట్టెక్కిన కాసేపటికే నల్లమట్టి చక్రానికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. వానకి తడిసిన ఆ మట్టి మామూలు బురద కాదు. గట్టిగా రుబ్బిన మినప్పిండిలా అంటుకుని, మడ్‌గార్డు కింద పేరుకుని, చక్రాన్ని తిరగనివ్వదు. స్కూటరుకి ఆ సందులో వేలు కూడా పట్టదు. చక్రం బిగుసుకుపోయింది, ఇద్దరం పక్కకి ఒరిగి బురదలో పడ్డాం. దెబ్బలు పెద్దగా తగల్లేదు. కానీ అమ్మ లేవలేకపోయింది. చెరువు కాపలా మనిషి పరిగెత్తుకొచ్చి ఒక రెక్కా, నేనొక రెక్కా పట్టి లేపాం. పిన్ని ఇల్లు ఇంకా కనపడనైనా లేదు, అక్కణ్ణుంచే వెనక్కి వచ్చేశాం.

ఇంటికొచ్చాక అమ్మ కాళ్ళు కడుక్కుని, "ఇంక నీ బండెక్కను" అంది.

"ఈసారి జాగ్రత్తగా తీసుకెళ్తానే."

"నీ జాగ్రత్త కాదే. ఈసారి పడితే నేను లేవలేను. నాకు భయమేత్తంది."

మా అమ్మ నోట భయం అనే మాట నేను అంతకుముందు విన్లేదు. తుఫానొచ్చి ఇంటి కప్పు లేచిపోయినప్పుడు కూడా, ముందు పొయ్యి ఎక్కడుందో వెతికిన మనిషి. ఆ రాత్రే తీర్మానించుకున్నాను, పడని బండి ఒకటి కొనాలని. అక్కచెల్లెళ్ళు మళ్ళీ ఎదురెదురుగా కూర్చోవాలి. దానికి కావాల్సింది ముందు చక్రం మీద జానెడు ఖాళీ అయితే, అది ఎక్కడ దొరుకుతుందో వెతికి తెస్తాను. నేను కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తాను. ఏళ్ళ తరబడి గట్ల మీద తిరిగినదాన్ని. గేర్ల బండీ కొత్త కాదు, ల్యాబువాళ్ళ పాత బైకుకి నేనే దిక్కు. మట్టి గురించి నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

అలా వెతుకుతూ వెతుకుతూ గుడివాడ చేరాం. బండి యజమాని అక్కడ మిల్లు నడిపే ఆయన. దాని మీద లదాఖ్ వెళ్ళొచ్చి, నడుంనెప్పి పట్టుకుని, కారు కొనుక్కున్నాడట. మర్యాదస్తుడే. కాకపోతే మాట్లాడినంతసేపూ మా ఆయన వైపే చూసి మాట్లాడాడు.

"మంచి కండిషన్లో ఉందండీ. మీరు ఎటు టూరు వేద్దామనుకుంటున్నారు సార్?"

మా ఆయన నావైపు వేలు చూపించాడు.

"కోడూరు" అన్నాను.

"మన కోడూరేనాండీ?"

"మన కోడూరే. అక్కణ్ణుంచి ఇంకొంచెం."

"దానికి ఈ బండెందుకండీ, స్కూటీ చాలు కదా!"

"వానాకాలంలో స్కూటీ మీద కోడూరు అవతలికి ఒకసారి రండి బాబూ. ఆ తర్వాత లదాఖ్ సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం."

ఆయన నవ్వి తాళం చేతికిచ్చాడు. సైడ్ స్టాండు మీద ఉండగానే ఎలాగో సీటు మీదికి పాకాను. బండిని నిటారుగా లేపాను. రెండు కాళ్ళూ గాల్లో వేలాడాయి. మునివేళ్ళు నేలని వెతుక్కుంటూ ఉండగానే బండి ఒక పక్కకి వాలింది. చెరోవైపు నుంచీ ఇద్దరు మగాళ్ళు వచ్చి పట్టుకున్నారు. "మీ ఎత్తుకి కష్టమండీ" అన్నాడు మిల్లాయన, చాలా జాలిగా. ఆ జాలి నాకు కాలిన చోట తగిలింది.

కిందికి దిగి బండి చుట్టూ ఒకసారి తిరిగాను. పడవల వాళ్ళింట్లో పుట్టినదాన్ని, ఎత్తుగా ఉన్నదాన్ని ఎక్కడం నాకు కొత్తా? మా నాన్న పడవ అంచు చిన్నప్పుడు నా గడ్డం దాకా వచ్చేది. ఆగి ఉన్న పడవని పాకి ఎక్కాలని చూస్తే అది వొరిగిపోతుంది. అంచు పట్టుకుని, దాన్ని తోస్తూ నాలుగడుగులు వేసి, నీళ్ళు దాన్ని తేల్చిన క్షణాన కాలు వేసెయ్యాలి. కదిలే పడవ మనిషిని తనే లోపలికి తీసుకుంటుంది. మరి దీన్ని ఆగి ఉండగా ఎక్కుతానేంటి నేను?

స్టాండు తీసేశాను. ఎడమ వైపు నిలబడి ఇంజను వేశాను. ఎడమ కాలు ఫుట్‌రెస్టు మీద పెట్టి, క్లచ్ నిదానంగా వదిలాను. బండి కదిలింది, నేను లేచాను, కుడి కాలు సీటు మీంచి అవతలికి వెళ్ళిపోయింది. మిల్లు ఆవరణంతా ఒక చుట్టు కొట్టి వచ్చి, గోదాము మెట్టు పక్కన ఎడమ కాలు ఆనించి ఆగాను. ఆగడానికి రెండు కాళ్ళూ నేలకి ఆనాలని ఎవరన్నారు? ఒక కాలు ఆనితే చాలు, అది ఎక్కడ ఆనించాలో ముందే చూసుకోవాలి.

"ఇంక ఎత్తుపీట అక్కర్లేదండీ" అని మా ఆయనే మిల్లాయనకి చెప్పాడు, తను అన్న మాట తనే మర్చిపోయినట్టు.

గుడ్లవల్లేరు, కవుతరం, పెడన మీదుగా బందరు దాకా నేనే నడుపుకుంటూ వచ్చాను. మా ఆయన బస్సులో వచ్చాడు. నా వెనక కూర్చోడానికి భయం కాదట, బస్సులో నిద్ర బాగా పడుతుందట. నాకు ఆ రోజు ఎంత సంతోషంగా ఉందంటే, హెల్మెట్ లోపల గట్టిగా పాడుకుంటూ వచ్చాను. వరిచేల మీంచి ఎత్తుగా వెళ్తుంటే మా జిల్లా నాకే కొత్తగా కనపడింది. కాలవ అవతల ఏముందో ఎన్నాళ్ళుగా చూడలేదో అప్పుడు తెలిసింది.

అమ్మ బండిని చూసి, "ఇదేంటే, మిడతలా ఉంది" అంది. ఎక్కమని నేను అడగలేదు. రెండు రోజులు దాని చుట్టూ తిరిగి, మూడో రోజు తనే అంది, "సముద్రం నీళ్ళు పొయ్యని బండి మనదెట్టా అయిద్దే?"

మాలో కొత్త పడవని దింపే ముందు దాని ముందు భాగానికి పసుపు రాసి, సముద్రపు నీళ్ళు పోస్తారు. ఆ తర్వాతే అది మా పడవ. చెక్కకి ఉప్పునీళ్ళు ఏం చెయ్యవు, ఇనుముకి చేస్తాయి. ఆ ముక్క అమ్మకి చెప్పాను. "ఉప్పు గాలికి పుట్టి ఉప్పు గాలికి పెరిగావు, నువ్వేమన్నా తుప్పు పట్టావా?" అంది. చెంబుడు నీళ్ళు, అవీ ముందు చక్రం మీదే, అని ఒప్పందం చేసుకుని సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. నేను బండి మీద, అమ్మా మా ఆయనా ఆటోలో. పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. చెంబు పక్కన పెట్టేసి, ఆటోలోంచి బిందె దింపి అలలో ముంచింది. ఆపేలోపే బిందెడు నీళ్ళు హ్యాండిలు మీంచి ఇంజను మీదికి గుమ్మరించింది. వేడి ఇంజను చుయ్యిమని ఆవిరి కక్కింది. అమ్మకి అది మంచి శకునంలా తోచింది. నాకు మాత్రం తుప్పు కళ్ళముందు కనపడింది.

అప్పుడు మా ఆయన, నాకు తెలీకుండా ఆటోలో పెట్టుకొచ్చిన మంచినీళ్ళ డబ్బా తీసి బండి మీద పొయ్యడం మొదలుపెట్టాడు.

"సముద్రాన్ని కడిగేత్తన్నావేంటి అల్లుడూ?"

"లేదత్తయ్యా, అంత ఉప్పు తాగాక దానికి దాహం వెయ్యదా!"

అమ్మ నవ్వింది. ఆ మనిషిని ఇన్నేళ్ళు ఎందుకు భరించానో అలాంటప్పుడు తెలుస్తుంది.

బండి మాదయింది. అమ్మ భయం మాత్రం పోలేదు. దానికి మాటలు పనిచెయ్యవని నాకు తెలుసు. వానలు పడ్డాక, ల్యాబుకి వెళ్ళేటప్పుడు ఒక రొయ్యల మేత బస్తాని వెనక సీటు మీద నిలబెట్టి కట్టాను, సుమారుగా అమ్మ బరువుండేది. దాన్ని వేసుకుని కృత్తివెన్ను గట్లన్నీ తిరిగాను. వానలో తిరిగాను, వాన వెలిశాక జిగురుమట్టిలో తిరిగాను. మట్టి చక్రానికి చుట్టుకునేది, జానెడు సందులోంచి జారి పడిపోయేది, చక్రం తిరిగేది. ఎక్కడ నిదానించాలో, ఎక్కడ నిదానిస్తే పడతామో చేతులకి తెలిసొచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నేనూ బండీ నల్లగా ఉండేవాళ్ళం. అమ్మ నా వైపు చూడకుండా తిన్నగా బస్తా దగ్గరికి వెళ్ళేది. నాలుగు వైపులా తడిమి చూసేది. ఒక పక్కకి పడి ఉంటే ఆ పక్క మట్టి ఉంటుంది కదా. అలా చాలా రోజులు చూసింది.

ఒక సాయంత్రం బస్తా తడిమి, చెయ్యి దులుపుకుని, "ఇది ఒక్కసారి కూడా పళ్ళేదా?" అంది.

"పళ్ళేదు."

"సరే అయితే. రేపు ఆదోరం కదా, దాన్ని దింపెయ్. నేనెక్కుతా."

మర్నాడు అమ్మ గంప మోసేటప్పటి కట్టు కట్టింది, గోచీ పోసి, మోకాళ్ళ కిందికి బిగించి. పక్కకి తిరిగి కూర్చునేది లేదట, పడవలో కూర్చున్నట్టు కూర్చుంటుందట. హెల్మెట్ పెట్టబోతే, "ఇంతకన్నా బరువు మోసిన తలే ఇది" అని తనే పెట్టుకుంది. బండిని అరుగు పక్కన ఆపాను. మా ఆయన బండి పట్టుకుంటే, అరుగు మీంచి కాలు వేసి నా వెనక కూర్చుంది. రెండు చేతులూ నా నడుం చుట్టూ వేసి, వేళ్ళలో వేళ్ళు పెట్టి బిగించింది. నాకు ఊపిరాడలేదు. బయల్దేరేముందు పిన్ని పక్కింటివాళ్ళకి ఫోను చేసి, వస్తున్నామని ఆవిడకి ఎలాగోలా తెలియజెయ్యమన్నాను.

చల్లపల్లి దాటాం, మోపిదేవి దాటాం. పులిగడ్డ దగ్గర నది దాటేటప్పుడు గాలికి బండి ఒక్కసారి ఊగింది, ఆ చేతులు ఇంకా బిగుసుకున్నాయి. "అమ్మా, కాస్త వదులు" అన్నాను. "వదల్ను" అంది. అవనిగడ్డలో టీ తాగుదామంటే దిగనంది. దిగితే మళ్ళీ ఎక్కే ధైర్యం చాలదేమోనని నేనూ బలవంతం చెయ్యలేదు. కోడూరు దాటాం. తారు రోడ్డు అయిపోయింది.

ముందురోజు వాన పడింది. గట్టు నల్లగా మెరుస్తోంది. కిందటేడు మేం పడ్డ చోటు నాకు తెలుసు, అమ్మకీ తెలుసు. అక్కడికి వచ్చేసరికి తన మొహం నా వీపుకి ఆనించేసింది, హెల్మెట్ నా ఎముకకి గుచ్చుకుంది. నేను చక్రం వైపు చూడలేదు. గట్టు చివర ఉన్న తుమ్మచెట్టు వైపు చూస్తూ, ఒకే వేగంతో పోనిచ్చాను. వెనక చక్రం కాస్త జారింది, మళ్ళీ పట్టుకుంది. ముద్దలు ముద్దలుగా మట్టి నా కాళ్ళ మీద పడింది. మేం పడ్డ చోటు వెనక్కి వెళ్ళిపోయింది. "అయిపోయిందమ్మా" అన్నాను. అమ్మ చేతులు సడలించలేదు.

గట్టు దిగి ఇసకలోకి వచ్చాం. ఇసకలో బండి ఆపకూడదు. ఆపితే చక్రం కూరుకుపోతుంది, నా కాలికి ఆనడానికి గట్టి నేల దొరకదు. అలా నిదానంగా లాక్కుంటూ వెళ్తూనే ఉండాలి. దూరంగా పిన్ని ఇల్లు కనపడింది. ఇంటి ముందు దిబ్బ మీద ఎర్ర చీరతో ఎవరో నిలబడి ఉన్నారు.

నా నడుం చుట్టూ ఉన్న చేతులు ఒక్కసారిగా విడిపోయాయి.

పడిపోతోందనుకున్నాను. గబుక్కున అద్దంలో చూశాను. అమ్మ పడట్లేదు. హెల్మెట్ అద్దం పైకి తోసేసి, రెండు చేతులూ తల మీదికెత్తి ఊపుతోంది. అవతల దిబ్బ మీద పిన్ని చేతులు కూడా లేచాయి. తిన్నావా అని పిన్ని అడిగింది. లేదు, ఏం వండావు అని అమ్మ అడిగింది. పిన్ని చేప చూపించింది, ఎంత పెద్దదో కూడా చూపించింది. అబద్ధం అంది అమ్మ. ఆ తర్వాత ఇద్దరి చేతులూ ఎంత వేగంగా ఆడాయంటే నాకేమీ అర్థం కాలేదు. అమ్మ ఏడుస్తోందని మాత్రం అర్థమైంది, వీపు వెనక ఎక్కిళ్ళు తెలుస్తున్నాయి.

పట్టుకోమని అరుద్దామని నోటిదాకా వచ్చింది. అరవలేదు. ఇంతసేపూ నన్ను పట్టుకున్న చేతులకి ఇప్పుడు వేరే పనుంది. హ్యాండిలు గట్టిగా పట్టుకుని, వాళ్ళ మాటలు తెగకుండా, బండిని తిన్నగా పోనిచ్చాను.